తూనీగ ఫోను లాకర్లో పెట్టదు

ఆమెకు అమ్మానాన్నలు పెట్టిన పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినపడదు. లిఫ్టులు బాగుచేసే ఆ కంపెనీలో పదకొండేళ్లుగా ఆమె తూనీగే. ఒకచోట వాలదు, వాలినా నిలవదు అని ఎవరో ఎగతాళికి పెట్టిన పేరది. పెట్టినవాడు ఉద్యోగం మానేసి వెళ్లిపోయాడు, పేరు మాత్రం ఉండిపోయింది. ఆమె ఏమీ అనుకోలేదు. చిన్నప్పటి నుంచి విన్నవాటితో పోలిస్తే అది ముద్దుపేరు కిందే లెక్క.

అప్పట్లో విన్నవి వేరు. బద్ధకిష్టి, మతిలేనిది, పొగరుబోతు. పొయ్యి మీద పాలు పెట్టి కిటికీ దగ్గర నిలబడితే పాలు పొంగి, గిన్నె మాడి, పక్కింటివాళ్లు వచ్చి తలుపు బాదేదాకా ఆమెకు తెలిసేది కాదు. పరీక్షలో మూడో ప్రశ్నకు సగం జవాబు రాసి ఐదో ప్రశ్నకు వెళ్లిపోయేది. చెప్తే వినదని అందరూ తేల్చేశారు. వినడానికేం, వినేది. విన్నది నిలిచేది కాదు. ఆ తేడా చెప్పడానికి ఒక డాక్టరు కావలసి వచ్చింది, ఆమెకు ముప్ఫై ఆరేళ్లు రావలసి వచ్చింది. దీన్ని ఏడీహెచ్‌డీ అంటారమ్మా, నీ ధ్యాస నీ మాట వినదు, అంతే, అన్నాడాయన. ఇంటికొస్తూ దారంతా ఏడ్చింది. ఒళ్లు మండి వచ్చిన ఏడుపది. ఇన్నేళ్లు ఈ తిట్లన్నీ ఎందుకు తిన్నట్టు?

దారి చూపించింది ఒక గేము. ఆమె భర్తకు ప్రింటింగ్ ప్రెస్సులో పని. ఆదివారం సాయంత్రాలు ఇద్దరూ టీవీ ముందు కూర్చుని ఆడుకునేవాళ్లు. ఇంటి తాళాలు ఎక్కడ పెట్టిందో గుర్తుండని మనిషి ఆ గేములో మూడు గంటలు కదలకుండా కూర్చుని, ఏడు కోటలు దాటి, ఒక్క తాళంచెవి కూడా పోగొట్టుకోకుండా వచ్చేది.

"ఇక్కడెలా గుర్తుంటాయే నీకు?" అన్నాడు భర్త ఒకరోజు.

ఆమె తెర వంక చూసింది. పైన మూలన, ఇప్పుడు చేయాల్సిన పని ఒక్కటే రాసి ఉంది. అది కాగానే టింగుమని మోగింది, ఆ చోట తర్వాతి పని వచ్చింది. చేయకపోతే మళ్లీ అడిగింది, విసుక్కోకుండా. ఇంత ఓపిక తనతో మనుషులెవరూ పట్టలేదని ఆమెకు ఆ క్షణాన అనిపించింది.

మర్నాడే ఫోనులో అలాంటిది తయారు చేసుకుంది. లిఫ్టు పనిని పదిహేను ముక్కలు చేసి, ఒక్కో ముక్కనూ గుర్తుచేసేలా గొంతు రికార్డు చేసి పెట్టింది. అయిందని నొక్కితే టింగుమంటుంది, నొక్కకపోతే మళ్లీ అడుగుతుంది. ముందు తన గొంతే పెట్టుకుంది, వారానికల్లా అలవాటైపోయి వినడం మానేసింది. భర్త గొంతు నాలుగు రోజులు పనిచేసింది. చివరికి అత్తగారిని అడిగింది.

ఆవిడ కళ్లజోడు సర్దుకుంది. "అంటే, నిన్ను గదమాయించమని నువ్వే అడుగుతున్నావా?"

"అవునత్తయ్యా. గట్టిగా."

"ఇన్నేళ్లకు నా కోరిక తీరుస్తున్నావే తల్లీ!" అని ఆవిడ గొంతు సవరించుకుని పదిహేను రకాలుగా గదమాయించింది. "మెయిన్ స్విచ్చి ఆపావా? ఆపాననుకోవడం కాదు, వెళ్లి చూడు!" "ఎర్ర వైరు తీశావా? తీయకుండా కిందకు దిగావంటే ఊరుకోను!" ఆ గొంతుకు మాత్రం తూనీగ ఈ రోజుకూ అలవాటు పడలేదు.

ఎర్ర వైరు సంగతి చెప్పాలి. లిఫ్టు తలుపు మూసుకుంటేనే కదులుతుంది. ఆ తలుపు లాకును పరీక్షించేటప్పుడు మెకానిక్కులు పైన మెషిన్ గదిలో జానెడు ఎర్ర వైరు ఒకటి తగిలిస్తారు. అది ఉన్నంతసేపూ తలుపు బార్లా తెరిచి ఉన్నా మూసే ఉందని లిఫ్టు నమ్ముతుంది. పని కాగానే తీసేయాలి. మరిచిపోతే, మనిషి కాలు లోపలా ఒళ్లు బయటా ఉండగానే లిఫ్టు బయలుదేరుతుంది. మనిషికి నాలుగేసి వైర్లు ఇస్తారు. సాయంత్రానికి ఎన్ని తిరిగొచ్చాయని మాత్రం ఆ కంపెనీలో ఎవరూ అడిగిన పాపాన పోలేదు.

రెండేళ్లు నిక్షేపంగా గడిచాక కొత్త సేఫ్టీ ఆఫీసరు వచ్చాడు. ఎక్కడో ఎవరో ఫోను చూస్తూ మెట్ల మీంచి పడ్డాడట, ఇకమీదట పనిలోకి దిగేముందు ఫోన్లన్నీ లాకర్లో పెట్టాలని నోటీసు అంటించాడు. తూనీగ డాక్టరు కాగితం పట్టుకెళ్లి ఉన్నదున్నట్టు చెప్పుకుంది.

ఆయన కాగితం ముట్టుకోను కూడా లేదు. "ఈ రోజుల్లో అందరికీ ఏదో ఒకటి ఉందిలేమ్మా. గేములు ఆడీ ఆడీ బుర్ర పాడుచేసుకోవడం, దానికో పేరు పెట్టుకోవడం. మనసు పెట్టి చెయ్యి, అన్నీ గుర్తుంటాయి."

మనసు పెట్టడమట! ఒకటో తరగతి నుంచీ విని విని అరిగిపోయిన మాట. అయినా ఉద్యోగం పోతుందేమోనని నోరు మూసుకుని ఫోను లాకర్లో పెట్టింది. నన్నడిగితే ఆమె చేసిన తప్పు అదొక్కటే.

మూడో రోజు ఒక ఆరంతస్తుల ఆఫీసు భవనంలో లాకు మార్చి, లిఫ్టును మళ్లీ వాడకానికి వదిలి, సంచీ భుజాన వేసుకుని మెట్లు దిగింది. రెండో అంతస్తు దగ్గర దాహమేసి నీళ్ల సీసా కోసం సంచీ తెరిచింది. లోపల ఎర్ర వైర్లు మూడే కనపడ్డాయి. ఒక్క ఉదుటున పైకి పరిగెత్తి మెయిన్ ఆపింది. నాలుగోది అక్కడే వేలాడుతోంది.

నాలుగు నిమిషాలు. ఆ నాలుగు నిమిషాల్లో లిఫ్టు ఎవరూ ఎక్కలేదు, ఆమెను ఎవరూ చూడలేదు. వైరు సంచీలో వేసుకుని ఇంటికి పోతే అడిగేవాళ్లు లేరు. తూనీగ తిన్నగా ఆఫీసుకు వెళ్లి లాగ్‌బుక్కులో రాసింది: "ఎర్ర వైరు మరిచిపోయాను. నాలుగు నిమిషాల తర్వాత తీశాను. గుర్తుచేసే ఫోను లాకర్లో ఉంది. రేపటి నుంచి పెట్టను."

మర్నాడు పొద్దున్నే మెకానిక్కులందరి ముందూ ఆఫీసరు ఆ పేజీ తెరిచాడు.

"నువ్వు ప్రమాదమని నీ చేత్తో నువ్వే రాసిచ్చావు. ఇక లిఫ్టుల జోలికి వెళ్లకు. స్టోరులో కూర్చుని బోల్టులు లెక్కపెట్టుకో."

పదకొండేళ్ల పని ఒక్క మాటతో పోతోంది. ఆమె భుజాన ఉన్న సంచీ కిందకు దించింది.

"లెక్కే కదా సార్, ఇప్పుడే మొదలుపెడతా. బోల్టులు తర్వాత, ముందు వైర్లు." తన సంచీ బల్ల మీద బోర్లించింది. "నావి నాలుగు. మరిచేది నేనొక్కదాన్నే అయితే మిగతావాళ్లవీ నాలుగేసి ఉండాలి."

సేఫ్టీ ఆఫీసరు లెక్క వద్దనలేడు కదా. ఒక్కొక్కరే సంచీ బోర్లించారు. నాలుగు, నాలుగు, నాలుగు. చివర ముప్ఫై ఏళ్ల సర్వీసున్న పెద్దాయన వంతు వచ్చింది. ఆయన చెయ్యి పడితే ఇక చూడక్కర్లేదని ఆఫీసులో పేరు. ఆయన సంచీలోంచి మూడే పడ్డాయి. దులిపాడు, జేబులు తడుముకున్నాడు.

"ఇంట్లో పడిపోయిందేమో..." అని నీళ్లు నమిలాడు.

"నిన్న ఎక్కడ చేశావు బాబాయ్?" అంది తూనీగ.

"కంటాసుపత్రిలో."

అక్కడ లిఫ్టు ఎక్కేవాళ్లలో సగం మందికి కళ్లకు కట్లుంటాయి. ఆఫీసరు తన జేబులోంచి తన ఫోను తీసి, లిఫ్టు ఆపేయండని ఆసుపత్రివాళ్లతో అరిచాడు. తూనీగా పెద్దాయనా ఒకే బండి మీద అక్కడికి వెళ్లారు. వైరు మెషిన్ గదిలోనే ఉంది. ఆయన గోడకు ఆనుకుని పిల్లాడిలా ఏడ్చాడు. నువ్వే తియ్యి బాబాయ్ అని ఆమె పక్కకు జరిగింది.

మధ్యాహ్నం ఆఫీసరు ఆమెను గదిలోకి పిలిచాడు. గొంతు బాగా తగ్గింది.

"రేపట్నుంచి లిఫ్టుల మీదకే వెళ్లమ్మా. ఫోను జేబులో పెట్టుకో. నేను చూడనట్టు ఊరుకుంటా."

"చూడాలి సార్. లాగ్‌బుక్కులో రాయాలి. రోజూ సాయంత్రం అందరి వైర్లూ లెక్కపెట్టాలని రాయండి. నాకు ఫోను కూడా పనిముట్టేనని, ఎందుకో కారణంతో సహా రాయండి."

"ఆరోగ్య కారణాలని రాస్తాలే."

"ఏడీహెచ్‌డీ అని రాయండి."

ఆయన కలం పక్కన పెట్టాడు. "ఆ పుస్తకం అందరూ చదువుతారు. రేపు ఇంకో కంపెనీలో చేరాలన్నా నీకే ఇబ్బంది. నీ మంచికే చెప్తున్నా."

"చదవనివ్వండి. మీ మాట విని మూడు రోజులు మీలాంటి మనిషిలా నటించాను సార్. నేను ప్రమాదమైంది ఆ మూడు రోజులే."

ఆయన కలం మళ్లీ తీసుకుని రాశాడు. రాసేదాకా ఆమె బల్ల దగ్గర నుంచి కదలలేదు. తర్వాత పుస్తకం తన వైపు తిప్పుకుని చదివింది. మొదటిసారి రెండో వరుసకు వచ్చేసరికే ధ్యాస ఆయన కలం మూత మీదకు పోయింది. ఆయన్ని అలాగే కూర్చోబెట్టి, మళ్లీ మొదటి నుంచి చివరిదాకా చదివి, అప్పుడు సంతకం పెట్టింది.