పది తెల్ల కాగితాలు

దెయ్యాలు, గాలి సోకడాలు మా ఇంట్లో ఎవరం నమ్మం. నేను బడికి వెళ్లలేదు. మా నాన్నగారు ఇంట్లోనే బైబిలు ముందు పెట్టి చదవడం, రాయడం నేర్పారు. భయమేస్తే ప్రార్థన చేసుకో, తర్వాత దీపం పట్టుకెళ్లి అక్కడేముందో చూడు అనేవారు. ఇన్నేళ్లూ అలాగే చేశాను, చూసిన ప్రతిసారీ అక్కడ ఏదో మామూలు సంగతే ఉండేది. ఇది రాస్తున్నది, ఈ ఒక్కసారి చూసినా ఏమీ అర్థం కాలేదు కాబట్టే.

మాది గుంటూరు దగ్గర ఊరు. మాఘం దాటితే చుట్టూ మిర్చి కల్లాలే. ఎండిన కాయ కదిలిస్తే లేచే ఎర్రటి దుమ్ము, పొలాల్లో పత్తికట్టె కాల్చిన పొగ, రెండూ కలిసి ఊరి మీద కూర్చుంటాయి. మా అమ్మాయి కెజియాకి అప్పుడు ఆరేళ్లు. ఆ నెలల్లో దానికి ఆయాసం. నోటితో పీల్చే మందు, ఆ పఫ్ లేకుండా ఒక్క రాత్రి కూడా గడిచేది కాదు.

ఆ ఏడాదే రమణి మేడం గారు వచ్చారు. గాలిలో ఉండే సన్నటి దుమ్ము మీద పరిశోధన చేస్తారు. మా డాబా మీద ఒక పెట్టె, వీధి చివర పాలకేంద్రం మీద ఇంకొకటి పెట్టారు. లోపల చిన్న పంపు గాలిని పీలుస్తుంది, ఆ గాలిలోని దుమ్ము గుండ్రటి తెల్ల కాగితం మీద నిలుస్తుంది. రోజూ ఉదయం ఆరింటికి రెండు చోట్లా కాగితం మార్చి, పాతది డబ్బీలో పెట్టి, మీటరు అంకె పుస్తకంలో రాయాలి. బడి మొహం చూడని నాకు ఆ పని దొరికినందుకు దేవునికి ఎన్ని స్తోత్రాలు చెప్పుకున్నానో.

మొదటి వారం పెద్ద పొరపాటు చేశాను. ఎవరి వస్తువైనా తిరిగిచ్చేటప్పుడు తుడిచి ఇవ్వడం మా అలవాటు. పొరుగింటి గిన్నె అయితే ఖాళీగా కూడా ఇవ్వం. మేడం గారి కాగితాలు ఎర్రగా మురికి పట్టి వస్తుంటే ఇలాగే ఇవ్వడం ఏం మర్యాద అని మెత్తటి గుడ్డతో ఒక్కొక్కటీ దులిపి ఇచ్చాను. ఆవిడ కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వారు.

“ఆ దుమ్ము కోసమే కదమ్మా నేనింత దూరం వస్తున్నాను!”

ఆ తర్వాత ఒక్క కాగితం కూడా దులపలేదు.

మా అత్తయ్య సువార్తమ్మ ముప్పై ఏళ్లు కల్లాల్లో తొడిమలు తీసిన మనిషి. తెల్లారుజామున డాబా ఎక్కి, ఆ పెట్టె పక్కనే కూర్చుని ప్రార్థన చేసుకునేది. అదీ నేనూ కలిసి ఊపిరి తీస్తున్నాం అని నవ్వేది.

ఒక ఆదివారం ఆరాధన మధ్యలో కెజియాకి ఊపిరి అందలేదు. పెదవులు నీలంగా మారాయి. ఆసుపత్రికి తీసుకెళితే సాయంత్రానికి తేరుకుంది. ఆ మర్నాడు సోమవారం, మా డాబా మీది కాగితం తెల్లగా వచ్చింది. మంగళవారం కూడా అంతే. శనివారం దాకా ఆరు కాగితాలు, పెట్టినవి పెట్టినట్టే. పాలకేంద్రం మీదివి మాత్రం ఎప్పటిలాగే ఎర్రగా ఉన్నాయి.

శనివారం మేడం గారు వచ్చి డబ్బీలు తెరిచారు. ఈసారి నవ్వలేదు.

“మళ్లీ దులిపావా?”

“లేదండి” అన్నాను. ఒట్టు పెట్టడం మాకు లేదు. ఆ ఒక్క మాట తప్ప నా దగ్గర ఇంకేమీ లేదు.

ఆవిడ ఊళ్లో టీచరు గారింట్లో దిగి, రెండు పెట్టెలనూ అటుది ఇటు, ఇటుది అటు మార్చి, మా డాబా మీది పెట్టెకి తాళం వేసి, తన చేత్తోనే కాగితాలు తీశారు. పంపు సరిగ్గానే తిరిగింది. మీటరూ సరిగ్గానే ఉంది. ఆదివారం తెలుపు. సోమవారం తెలుపు.

ఆ ఆదివారం ఉదయమే అత్తయ్యకి టీ తీసుకుని మెట్లెక్కాను. ఆవిడ ప్రార్థన వినిపించింది. “ప్రభువా, ఈ గాలిలో ఏముందో అదంతా నాకియ్యి. పిల్ల దగ్గరికి పోనియ్యకు.” ఏ నాయనమ్మైనా అలాగే అడుగుతుంది. కానీ కొంగు చాటున ఉన్న చేతిగుడ్డ చూశాను. దాని మీద ఇటుక రంగు మరకలు. వారం రోజులుగా ఆవిడ దగ్గుతోంది. వారం రోజులుగా కెజియా పఫ్ ముట్టలేదు.

నాకు అప్పుడే తెలిసింది. రాసేటప్పుడు ఇది దాచకూడదు. తెలిసి కూడా మూడు రోజులు నోరు మెదపలేదు. పుట్టాక ఆ నెలల్లో మొదటిసారి కెజియా నోరు మూసుకుని నిద్రపోతుంటే, అలా చూస్తూ కూర్చున్నాను.

మంగళవారం అత్తయ్యని గుంటూరు తీసుకెళ్లాం. కొత్త ఎక్స్‌రే, కిందటేడాది ఎక్స్‌రే పక్కపక్కన పెట్టి డాక్టరు గారు చాలాసేపు చూశారు. ఈ మధ్య ఏదైనా దుమ్ము నిండిన గోదాములో ఇరుక్కుపోయిందా అని అడిగారు. ఆవిడ పని మానేసి నాలుగేళ్లయిందని చెప్పాను. ఆయన మళ్లీ ఫిల్ములపై పేర్లు సరిచూసుకున్నారు.

బుధవారం తెల్లారుజామున అత్తయ్య గోడ పట్టుకుని మెట్లెక్కబోతుంటే అడ్డంగా నిలబడ్డాను.

“అత్తయ్యా, ఆ ప్రార్థన ఆపేయండి.”

“పిల్ల నిద్రపోతోందా?”

“పోతోంది.”

“మరింకేంటమ్మాయ్ నీ బాధ?”

“మీకేమన్నా అయితే దానికి జడ వేసేదెవరు?”

“నీకు జడ వెయ్యడం రాదని నాకు నీ పెళ్లినాడే తెలుసులే” అంది. తర్వాత ఇక పైకి ఎక్కలేదు. మెట్టు మీదే కూర్చుండిపోయింది.

ఆ ఉదయం తీసిన కాగితం పదోది, తెల్లది. గురువారంది ఎర్రగా వచ్చింది. ఆ మధ్యాహ్నమే కెజియా దగ్గు మొదలైంది.

మేడం గారికి అంతా చెప్పాను. ఆవిడ దేవుణ్ణి నమ్మరు. అయినా నవ్వలేదు. ఆ పది కాగితాలూ తూకం వేశారట, కొత్తవాటికీ వాటికీ తేడా లేదట. “నువ్వు చెప్పినది రాయడానికి నా పుస్తకంలో గడి లేదమ్మా” అన్నారు. విడిగా ఒక డబ్బీలో పెట్టి, పైన కారణం తెలియలేదు అని రాసుకున్నారు.

నాకూ తెలియదు. ఎన్నిసార్లు దీపం పట్టుకుని చూసినా అక్కడ ఏమీ కనపడలేదు.

సాయంత్రం ప్రార్థనలో నేను ప్రతిదానికీ పేరుపేరునా స్తోత్రం చెబుతాను. వానకి, మా ఆయన ఆటోకి, పిల్ల పఫ్‌కి కూడా. ఆ పది రోజుల దగ్గరికొచ్చేసరికి ఆగిపోతాను. ఒకరికి దక్కిన ఊపిరికి కృతజ్ఞత చెబితే, ఇంకొకరి దగ్గర తీసుకున్నదానికి కూడా చెప్పినట్టవుతుందేమో.

అత్తయ్య ఇప్పుడు డాబా ఎక్కలేకపోతోంది. కింద మెట్టు మీద కూర్చుని కెజియాకి జడ వేస్తుంది. అది దగ్గినప్పుడల్లా దువ్వెన ఆపి, మళ్లీ ప్రభువుని అడగనా అన్నట్టు నా వైపు చూస్తుంది.

నేను తల అడ్డంగా ఊపి, పఫ్ తేవడానికి లేస్తాను.