ట్రాన్స్‌ఫార్మర్ నూనె ఎవరు తీశారు

1950లలో కడప జిల్లాలోని ఒక పల్లెకు కొత్తగా కరెంటు వచ్చినప్పుడు నేను అక్కడ వైర్‌మన్‌ని. బావుల మీది మోటార్లకు కరెంటిచ్చే ట్రాన్స్‌ఫార్మర్‌ను చూసుకోవడం నా పని.

దాని లోపల ఒక ఇనుప దిమ్మె మీద రెండు రాగితీగ చుట్టలుంటాయి. ఒకటి రెండోదాన్ని తాకదు. మొదటి చుట్టలో పెద్ద వోల్టేజీ కరెంటు పారుతూ ఇనుములో అయస్కాంత శక్తిని అటూ ఇటూ తిప్పుతుంటే, రెండో చుట్టలో కరెంటు పుడుతుంది. అందులో తీగచుట్లు తక్కువ కాబట్టి వోల్టేజీ మోటారు తట్టుకునేంతకు దిగుతుంది. రెండు చుట్టలూ నూనెలో మునిగి ఉండాలి. వేడిని లాగేదీ, నిప్పు దూకకుండా ఆపేదీ ఆ నూనే.

అది రాస్తే కీళ్లనొప్పులు పోతాయని ఎవడు పుట్టించాడో గానీ ఊరంతా నమ్మింది. మొదట అడిగింది ఊళ్లోని పెద్దరైతు.

"మోకాళ్లు శానా పీకుతాండాయప్పా. ఒక సీసా పట్టియ్యి. అంత నూనె ఉండాది, ఏం తరిగిపోతాది?"

నాకు రెండు పూటలా అన్నం ఆయన ఇంట్లోనే. అడుగునున్న మర తిప్పి పట్టిచ్చాను. తర్వాత ఆయన బావమరిదికి నడుంనొప్పి, పక్కింటాయనకు భుజంనొప్పి. చివరికి గానుగాయన ఇల్లు తప్ప ఆ సీసా లేని ఇల్లు లేదు. జిడ్డుకాళ్లు చాపుకుని అరుగుల మీద కూర్చున్న ఆ మనుషులనూ, ఆ కంపులోనే వాళ్ల సంగటి మింగిన నన్నూ తలుచుకుంటే రోత పుడుతుంది.

ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం ట్రాన్స్‌ఫార్మర్ ఢామ్మని పేలి కాలిపోయింది. ఇంజనీరు వచ్చి మూత తీయించి చూశాడు.

"నూనె ఏమైంది?"

ఊరంతా అక్కడే ఉంది. పెద్దరైతు నవ్వాడు. "ఊర్లో నూనె అమ్ముకునేటోడు ఒగడే కదా సామీ."

గానుగాయన ముఖం మాడిపోయింది. ఊరికి వేరుశనగ నూనె ఆడించి ఇచ్చేది ఆయనే.

"నా నూనెలో నేను కల్తీ చేస్తానా?" అని ఇంటికి పరుగెత్తి డబ్బా తెచ్చాడు. గ్లాసు నిండా ముంచి, అందరి ముందూ గటగటా తాగాడు. అంత పచ్చినూనె ఎవరి కడుపులో నిలుస్తుంది? వంగి భళ్లున కక్కుకున్నాడు.

"చూడండ్రా, వాని నూనె వానికే పడల్యా!"

అందరూ పగలబడి నవ్వారు. ఆయన మూతి తుడుచుకుంటూ నావైపు తిరిగాడు.

"నువ్వు దినామూ ఈడనే ఉంటావు కదప్పా. ఎవురు తీసినారో చెప్పు."

"నేను చూడలేదు" అన్నాను. నిజం తెలియనిది ఆయనకూ ఇంజనీరుకూ మాత్రమే.

ఆ తర్వాత ఆయన గానుగకు ఎవరూ కాయలు తేలేదు. ఆయన నూనె పోసి పెట్టిన ఊరగాయల్ని కూడా ఆడవాళ్లు దిబ్బలో పారబోశారు. ఎద్దులను అమ్ముకుని, ఎర్రగుంట్ల దగ్గర నాపరాళ్ల గనిలో కూలికి పోయి, అక్కడే చనిపోయాడు.

ఈ మధ్య పని మీద ఆ ఊరికి వెళ్లాను. వడలు వేస్తున్న హోటలాయన గొప్పగా అన్నాడు: "మాది మంచి నూనె సార్. ముందర ఒగడు ఈడ ట్రాన్స్‌ఫార్మర్ నూనె కలిపి అమ్మినాడంట!"

"ఆయన కాదు, తీసింది నేను."

"భలే తమాషా మనిషి సార్ మీరు" అని నవ్వి, నా ఆకులో ఇంకో వడ వేశాడు.

నోటితో చెబితే నమ్మలేదు కాబట్టి రాస్తున్నాను. ఆ నూనె తీసింది నేను. ఆయన తాగింది మంచి నూనె.