నర్సయ్య తాత వంచిన కర్ర

మొన్న కొత్తపేటలో రోడ్డు పక్కన ఏదో పెళ్లికి పందిరి వేస్తున్నారు. ఒకతను వంకరగా ఉన్న వెదురు బొంగును మంట మీద అటూ ఇటూ తిప్పుతూ సాపు చేస్తున్నాడు. పచ్చి వెదురు కాలితే ఒక వాసన వస్తుంది. పాలు పొంగి పొయ్యి మీద పడ్డట్టు, అందులో ఎవరో చెరకు ముక్క కూడా వేసినట్టు ఉంటుంది. ఆ వాసనకు నా స్కూటర్ దానంతటదే ఆగిపోయింది. వెనకున్న ఆటో అతను హారన్ కొట్టి, "ఏందమ్మా, పెళ్లిపిల్లవు నువ్వేనా?" అన్నాడు. నాకు పెళ్లయి పదేళ్లు దాటిందని అతనికి నచ్చజెప్పే తీరిక ఇద్దరికీ లేదు. బండి పక్కకు తీసుకుని, ఆ బొంగు నిటారుగా అయ్యేదాకా చూస్తూ నిలబడ్డాను. నర్సయ్య తాత ఉంటే ఆ మనిషి చేతిలోంచి బొంగు లాక్కుని, "మంటను సూడకు, కర్రను సూడు" అనేవాడు.

ఎల్బీనగర్‌లో మా ఇంటి సందు మొదట్లో నర్సయ్య తాత బొంగుల అడ్డా ఉండేది. నల్లగొండ జిల్లా పల్లె నుంచి ఎప్పుడో వచ్చి, అక్కడే నిచ్చెనలు కడుతూ, తడికలు అల్లుతూ ముసలివాడయ్యాడు. అవి తెలంగాణ ఉద్యమం ఉద్ధృతంగా ఉన్న రోజులు గనక, నిచ్చెనలకన్నా జెండా కర్రలకు గిరాకీ ఎక్కువగా ఉండేది. అన్ని పార్టీల వాళ్లూ ఆయన దగ్గరికే వచ్చేవారు. ఎవరికైనా అదే వెదురు, అదే కొలత. తెలంగాణ జెండాకని అడిగితే మాత్రం కణుపుల దగ్గర ఇంకోసారి కత్తితో గీకి నున్నగా చేసేవాడు. ఎందుకని నేనొకసారి అడిగితే, "అలవాటు" అని తల దించుకున్నాడు. ఆ అలవాటు మిగతా జెండాలకు ఎందుకు లేదో నేను అడగలేదు.

నేనప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతూ, పొద్దున్నే హుస్సేన్ సాగర్‌లో కయాక్ నడిపేదాన్ని. కయాక్ అంటే ఒక్క మనిషి కాళ్లు చాపుకుని కూర్చోగలిగిన సన్నటి పడవ. రెండు కొసలా రెక్కలున్న పొడవాటి తెడ్డుతో ఎడాపెడా తోసుకుంటూ పోవాలి. మాది కృష్ణా జిల్లా. నది ఒడ్డున పుట్టిన వంశం మాది, ఒక్కరికీ ఈత రాదు. అమ్మ నా ఆటను చూసి, "ఆ తెడ్డేదో వంటింట్లో తిప్పినా పులిహోర కలిసేది" అనేది. నాన్న ఓ ప్రైవేటు కంపెనీలో గుమాస్తా. ఆయన మాట మరింత సూటిగా ఉండేది. "ఈసారి రాష్ట్ర జట్టులో పేరొస్తే సరే. రాకపోతే బ్యాంకు కోచింగ్‌లో చేరాలమ్మా. దిల్‌సుఖ్‌నగర్‌లో సందుకు నాలుగున్నాయి, నీ కోసమే పెట్టినట్టు" అన్నారు. జట్టు ఎంపికకు నెల రోజులుంది. సరిగ్గా అప్పుడే నా కుడి మణికట్టు సమ్మె ప్రకటించింది. ఆ ఏడాది సమ్మె చేయనిది అదొక్కటే మిగిలింది కాబట్టి పెద్దగా ఆశ్చర్యపోలేదు. నొప్పికి మాత్రం పళ్లు తోముకోవడం కూడా ఎడమ చేత్తోనే.

నెట్ సెంటర్లో కూర్చుని వెతికితే రెండు రకాల తెడ్లున్నాయని తేలింది. ఒకటి మేం వాడే నిటారు కర్ర. రెండోది చేతులు పట్టుకునే చోట రెండువైపులా చిన్న వంపు తిరిగి ఉండేది. వంపు కర్ర మణికట్టును తిన్నగా నిలుపుతుందని కొందరు, అదంతా మనసుకు తృప్తేనని కొందరు అక్కడ పోట్లాడుకుంటున్నారు. కోచ్ సార్‌ని అడిగితే, "కర్ర ఏదైనా నాకు అభ్యంతరం లేదు. చెయ్యి మాత్రం నీదే తెచ్చుకో" అన్నారు. మా క్లబ్బులో వంపు తెడ్డు లేదు, కొనే స్తోమత మాకు లేదు. ఫొటో ప్రింటు తీసుకుని నర్సయ్య తాత దగ్గరికి వెళ్లాను.

ఆయన కాగితాన్ని తిప్పి తిప్పి చూశాడు. "నలభై ఏండ్ల సంది వంకర బొంగులు సాపు చేస్తున్న బిడ్డా. సాపుగున్నదాన్ని వంకర జెయ్యమని ఒచ్చింది నువ్వే."

"మణికట్టు నొప్పి తాతా. కర్ర వంగితే చెయ్యి వంగక్కర్లేదంట."

"ఎవలు చెప్పిన్రు?"

"ఇంటర్నెట్."

"ఆయన చేతిల ఎన్నడన్న కర్ర పట్టిండా?"

తర్వాత ఆయన చేసిన పని ఏ వెబ్‌సైట్లోనూ లేదు. ఒక నిటారు బొంగు తీసుకుని దాని నిండా బొగ్గుపొడి పూశాడు. నన్ను బోర్లించిన గంప మీద కూర్చోబెట్టి, "నీళ్లల్ల ఉన్నట్టే కొట్టు" అన్నాడు. జెండా కర్రల కోసం వచ్చిన నలుగురు కుర్రాళ్లు చూస్తుండగా, మెయిన్ రోడ్డుకు పది అడుగుల దూరంలో, చుక్క నీరు లేని చోట నేను పావుగంట పడవ నడిపాను. ఆ తర్వాత తాత నా రెండు అరచేతులూ తిప్పి చూశాడు. వేళ్లు, అరచెయ్యి, బొటనవేలి సందు, ఎక్కడా తెల్లగా లేదు. రెండూ బొగ్గు ముద్దల్లా ఉన్నాయి.

"గీ కర్రను ఎవలన్న గుంజుకపోతరని భయమా బిడ్డా?" అన్నాడు.

నేను నవ్వేశాను. ఆయన నవ్వలేదు. "మా అమ్మ రోకలితోటి దంచుతుంటె సూసిన. లేపేటప్పుడే పిడికిలి. దిగేటప్పుడు ఏళ్లు ఇప్పుతది, బరువు రోకలే సూసుకుంటది. నువ్వు లేపంగ పడుతున్నవ్, దించంగ గూడ పడుతున్నవ్. నొయ్యక ఏం జేస్తది?"

ఆ మాట నాకు నచ్చలేదు. నొప్పికి కారణం కర్ర అయితే మార్చుకోవచ్చు, నేనే అయితే కష్టం. పైగా ఆ రోజుల్లో మా ఇంట్లో ఎవరూ దేన్నీ వదులుగా పట్టుకోవడం లేదు. ఊరి నుంచి రోజూ ఎవరో ఒక చుట్టం ఫోను చేసి, "అక్కడ ఎలా ఉందిరా, ఇల్లు అమ్మేసి వచ్చేయరాదూ?" అనేవాడు. నాన్న బాగానే ఉందని చెప్పి, ఫోను పెట్టేసి, వెళ్లి గేటు గడియ ఒకసారి లాగి చూసి వచ్చేవారు. ఎవరూ ఏమీ అనలేదు, మా గేటును ఎవరూ తట్టలేదు. అయినా ఆ గడియ ఆ ఏడాది బాగా అరిగింది.

"నాకు వంపుదే కావాలి తాతా" అన్నాను.

"సరె. వంచుత. కని వంపు కర్ర చేతికి జాగ చూపిస్తది. జాగ మార్చనియ్యది. యాదివెట్టుకో."

బొంగులో ఇసుక కూరి, మంట మీద కాచి, రెండు రాళ్ల మధ్య పెట్టి వంచబోయాడు. మొదటిది టప్పున పగిలింది. రెండోదీ అంతే. మూడోది వంగే సమయంలో పట్టు వదిలితే పోతుందని కాలుతున్న చోటే పట్టుకుని నిలబడ్డాడు. బొటనవేలు బొబ్బెక్కింది. క్లబ్బులో మూలపడ్డ విరిగిన తెడ్డు రెక్కలు తెచ్చిస్తే వాటిని రెండు కొసలా బిగించి, పట్టుకునే చోట సుతిలి దారం వరసగా చుట్టాడు. వేలికి గుడ్డ కట్టుకుని, "ఇగో, నీ ఇంటర్నెట్" అని చేతికిచ్చాడు.

ఆ తెడ్డుతో వారం రోజులు నొప్పి తగ్గింది. నీళ్లలోంచి వచ్చేసరికి అరచేతుల్లో సుతిలి అచ్చు చాప నేసినట్టు పడేది. తాత రోజూ సాయంత్రం ఆ అచ్చు చూసి తల ఊపేవాడు. రెండో వారంలో నొప్పి మణికట్టు నుంచి భుజానికి బదిలీ అయింది. గాలి ఎదురైనప్పుడు చెయ్యి కాస్త పక్కకు జరుపుదామంటే వంపు ఒప్పుకోదు. బొబ్బెక్కిన వేలు గుర్తొచ్చి ఆ సంగతి తాతకు చెప్పలేదు.

ఎంపికకు ముందు రోజు బంద్. బస్సుల్లేక దిల్‌సుఖ్‌నగర్ నుంచి నడిచి వస్తుంటే ఎల్బీనగర్ చౌరస్తాలో వంటావార్పు జరుగుతోంది. నడిరోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండి, అక్కడే తిని నిరసన తెలపడం అన్నమాట. హైవే మధ్యలో ఖిచిడీ ఉడుకుతున్న పెద్ద డేగిసా, దాని ముందు బొంగుతో కలుపుతూ నర్సయ్య తాత చెమటలు కక్కుతూ కనిపించాడు. నన్ను చూసి, "బిడ్డా, జర పట్టు, నడుము వట్టేసింది" అని బొంగు నా చేతిలో పెట్టాడు.

పక్కనున్న కుర్రాడొకడు, "తాతా, ఆంధ్రపిల్ల కలుపుతె అన్నం మెత్తగైతదే" అన్నాడు.

"ఆ ముచ్చట తినేటప్పుడు మాట్లాడు బే" అన్నాడు తాత.

ఖిచిడీ చిక్కబడుతోంది. మొదటి పది తిప్పులకే మణికట్టు భగ్గుమంది. తాత కూర్చున్న చోటి నుంచే, "పై చెయ్యి ఇప్పు" అన్నాడు. వేళ్లు విప్పాను. బొంగు పడిపోలేదు. అరచెయ్యి దాన్ని ఊరికే తోస్తోంది, కింది చెయ్యి తిప్పుతోంది. అన్నం బరువెక్కేకొద్దీ కింది చెయ్యి తనకు తానే రెండంగుళాలు పైకి జరిగింది, కాసేపటికి మళ్లీ దిగింది. నిటారు కర్ర గనక ఎక్కడికి జరిగినా చోటు దొరికింది. డేగిసా దించేదాకా కలిపాను. నొప్పి రాలేదు. ఆ కుర్రాడు రెండుసార్లు వడ్డించుకున్నాడు. మెత్తగా ఉందని ఒక్కసారీ అనలేదు.

మర్నాడు తాత తెడ్డుతోనే సాగర్‌కు వెళ్లాను. ఒడ్డున దాన్ని గోడకు ఆనించి, ఒక నిమిషం దాని ముందు నిలబడి, క్లబ్బు నిటారు తెడ్డు తీసుకుని పడవెక్కాను. తోసే చెయ్యి విప్పుతూ, లాగే చేత్తో పట్టుకుంటూ వెళ్లాను. గీత దాటేసరికి మొదటిసారి నా చేతులు నావే అనిపించాయి. నలుగురిని తీసుకున్నారు. నేను ఐదో స్థానం, రిజర్వ్.

సాయంత్రం అడ్డా దగ్గర తాత లేచి నిలబడ్డాడు. "ఏ కర్ర పట్టినవ్?"

"నువ్వు వంచిందే తాతా" అన్నాను. ఆయన వేలికి గుడ్డ ఇంకా ఉంది.

ముఖం వెలిగింది. "ఎన్నో నంబరు?"

"ఐదు. నలుగురినే తీసుకున్నారు."

వెలిగిన ముఖం అంతే వేగంగా ఆరిపోయింది. అప్పుడు తెలిసింది నాకు, దయతో ఆడిన అబద్ధం తీసుకెళ్లి ఓటమిని ఆయన కర్ర మీద పెట్టానని. నేను మాట దిద్దుకునేలోపే తాత నా చెయ్యి లాక్కుని అరచెయ్యి తిప్పాడు. సుతిలి అచ్చు లేదు. ఆయన ఎంత గట్టిగా నవ్వాడంటే, నిచ్చెనల వెనకాల పడుకున్న కుక్క లేచి వెళ్లిపోయింది.

"బతికిచ్చినవ్ బిడ్డా! నా కర్రైతె గాదు ఓడగొట్టింది." నవ్వు తగ్గాక నా వేళ్లు ఒక్కొక్కటే ముడిచి, మళ్లీ విప్పి చూశాడు. "నొస్తుందా?"

"లేదు తాతా."

"గంతే గావాలె. నా మనసు కోసం అబద్ధమాడినవ్, మంచిదే. దాన్ని గూడ జర ఒదులుగ పట్టు."

ఆయనే నాతో ఇంటికి వచ్చాడు. నాన్న గేటు దగ్గర గడియ పట్టుకుని నిలబడి ఉన్నారు. తాత ఇవతలి నుంచే, "సారూ, పిల్ల చెయ్యి ఇయ్యాల్నే ఇప్పింది. ఇంకో ఏడాది ఒదిలి సూడున్రి" అన్నాడు.

నాన్న నా వైపు తిరిగి, "రిజర్వ్ అంటే ఏంటమ్మా?" అన్నారు.

"నలుగురిలో ఎవరికైనా జ్వరం వస్తే నేను వెళ్తాను."

నాన్న ఆకాశం వైపు చూశారు. "వస్తుందిలే. వర్షాకాలమేగా" అన్నారు. తర్వాత తన చేతి వంక, గడియ వంక చూసుకుని, గేటు పూర్తిగా తీశారు. "లోపలికి రా నర్సయ్యా. టీ తాగి వెళ్దువుగాని."

ఎవరికీ జ్వరం రాలేదు. మరుసటి ఏడాది నాలుగో స్థానం వచ్చింది, ఆ పైఏడు ఆట ఆగిపోయింది. ఇల్లు అమ్మలేదు. రోడ్డు పెద్దది చేసినప్పుడు అడ్డా అబ్దుల్లాపూర్‌మెట్ అవతలికి పోయింది. చివరిసారి చూడటానికి వెళ్తే తాత మంచం మీద ఉన్నాడు. పలకరింపుగా నా అరచెయ్యి తిప్పి, వేళ్లకంటిన సుద్దపొడి చూసి, "సుద్దముక్క గూడ గట్టిగనే పడుతున్నవ్" అన్నాడు. వంపు తెడ్డు ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. అమ్మ దాని మీద చీరలు ఆరేస్తుంది.

నాన్న కోరిక ఒక రకంగా తీరింది. దిల్‌సుఖ్‌నగర్‌లో బ్యాంకు కోచింగ్‌లో నేను చేరాను, పాఠం చెప్పడానికి. పరీక్షలు దగ్గరపడితే పిల్లలు పెన్నును వేలి గోళ్లు తెల్లబడేలా పట్టుకుంటారు. ఏ ఊరి నుంచో వచ్చి, ఇరుకు హాస్టళ్లలో ఉంటూ, ఇంటివాళ్ల ఆశంతా ఆ పెన్నులోనే ఉందని నమ్మే పిల్లలు. వరసల మధ్య నడుస్తూ ఒకరి బల్ల దగ్గర ఆగి, నాకు రాని యాసలో, "గీ పెన్నును ఎవలన్న గుంజుకపోతరని భయమా బిడ్డా?" అంటాను. నా యాసకు క్లాసంతా నవ్వుతుంది. నేను మాత్రం వాళ్ల చేతులే చూస్తుంటాను. నవ్వేటప్పుడు వేళ్లు వాటంతటవే వదులవుతాయి.