ప్రశ్నార్థకాలైన పాటలు

మా నాన్న ప్రభుత్వోద్యోగం మీద శ్రీకాకుళం నుంచి పోర్ట్ బ్లెయిర్ వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నేను పుట్టిందీ చదివిందీ ఇక్కడే. ఇంట్లో తెలుగు, గడప దాటితే హిందీ. తెలుగు గడగడా మాట్లాడేదాన్ని కానీ, చదవమంటే మాత్రం కూడబలుక్కోవలసి వచ్చేది. మా తెలుగు చర్చిలో నా ఈడువాళ్లందరిదీ అదే పరిస్థితి. పాటల పుస్తకం తెరిచి పట్టుకునేవాళ్లం. పెదవులు మాత్రం పెద్దవాళ్ల గొంతుల వెంట నడిచేవి.

కంప్యూటర్ కోర్సు పూర్తి చేసి ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్న రోజులవి. ఊరి శివారు గరాచర్మలో అప్పుడే కట్టుకున్న మా ఇంట్లో, ముందు గదిలో కిటికీ పక్కన నా కంప్యూటర్ ఉండేది. ఇంటర్నెట్ మాత్రం లేదు. సముద్రం అడుగున కేబుల్ ఇంకా వేయలేదు. దీవులకు నెట్ అంతా ఉపగ్రహం నుంచే రావాలి. గట్టిగా వాన పడితే అదీ పోయేది. నెట్ కావాలంటే బస్సెక్కి అబర్డీన్ బజార్ వెళ్లి, బస్టాండ్ దగ్గర ఇరుకు మెట్లెక్కి, మేమంతా భయ్యా అని పిలిచే ఒకాయన నడిపే నెట్ సెంటర్లో వంతు కోసం కూర్చోవాలి.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక టీచరమ్మ నన్ను ఆపింది. ఆవిడ తెలుగు టీచరుగా పనిచేసి రిటైరై ఆస్టినాబాద్‌లో ఒక్కతే ఉండేది. గుడ్డసంచిలోంచి పొడుగాటి నోటుపుస్తకం ఒకటి తీసి నా చేతిలో పెట్టింది.

"ఇవి మా ఆయన రాసిన పాటలే. మనవాళ్లు ఇక్కడ నాలుగు కుటుంబాలే ఉన్నప్పుడు పాటల పుస్తకం కూడా సరిగ్గా ఉండేది కాదు. ఆయన రాసేవాడు, మేం పాడేవాళ్లం. ఇప్పుడు ఎవరికీ రావు. కంప్యూటర్లో పెడితే ఎక్కడున్నవాళ్లయినా చూడొచ్చంట కదా. నువ్వు పెట్టగలవా?"

ఆయన చనిపోయి అప్పటికి చాలా ఏళ్లయింది. పెట్టగలనని చెప్పేశాను. నాకు చదవడం రాదన్న సంగతి ఇంటికొచ్చి పుస్తకం తెరిచాకగానీ గుర్తుకు రాలేదు.

అందుకని వారానికి మూడు రోజులు టీచరమ్మే మా ఇంటికి వచ్చేది. పక్కన కుర్చీ వేసుకుని ఆవిడ చదివేది, నేను టైపు చేసేదాన్ని. 'ఘ'కీ 'ఫ'కీ తేడా, వట్రుసుడి ఎక్కడ పెట్టాలి, అరసున్న ఎందుకుంది, అన్నీ అలా నేర్చుకున్నవే. నేను తప్పు కొడితే ఆవిడ ఏమీ అనేది కాదు, టీ గ్లాసు కింద పెట్టేది. గ్లాసు చప్పుడైతే చాలు, నేను వెనక్కి వెళ్లి సరిచేసేదాన్ని. మొత్తం నలభై రెండు పాటలు.

ఆయన చేతిరాత కూడా కనపడాలని ఆవిడ కోరిక. పుస్తకంలో ముందు సగం కాగితాలు గట్టిగా ఉన్నాయి, నాన్న ఆఫీసులో స్కాన్ చేయించాం. వెనక సగం పేజీలు ముట్టుకుంటే చిరిగేలా ఉన్నాయి. వాటిని స్టూడియోలో కెమెరాతో ఫోటోలు తీయించాం. చివరికి నా కంప్యూటర్లో వెబ్‌సైట్ తయారైంది. పాట పేరు మీద నొక్కితే ఎడమవైపు మాటలు, కుడివైపు ఆయన చేతిరాత. టీచరమ్మ తెరకు దగ్గరగా వంగి, ఆ అక్షరాల మీద వేలు ఆనించకుండా గాల్లోనే రాస్తున్నట్టు కదిపింది.

"కోతల పండగ రోజు చర్చిలో చెప్పేద్దాం. భీమిలిలో మా అక్కకి కూడా ఫోన్ చేసి చెప్తాను," అంది.

ఆ అక్క బాగా పెద్దావిడ, కాళ్లు కదపలేని స్థితి. వాళ్ల కోడలు కంప్యూటర్ పని చేస్తుంది కాబట్టి ఇంట్లోనే చూపించగలదు. ఓడలో మూడు రోజుల దూరం. అక్కాచెల్లెళ్లు కలుసుకుని ఎన్నేళ్లయిందో లెక్క కూడా మర్చిపోయామని టీచరమ్మ చెప్పేది.

పండగకు వారం ఉందనగా అన్నీ పెన్‌డ్రైవ్‌లో వేసుకుని భయ్యా సెంటర్‌కు వెళ్లాను. మెయిన్‌ల్యాండ్‌లో ఎక్కడో ఉండి వెబ్‌సైట్లను అందరికీ అందించే సర్వర్ కంప్యూటర్ మీదకు అవి ఎక్కడానికి పొద్దంతా పట్టింది. రెండుసార్లు లింక్ తెగి మళ్లీ మొదటి నుంచీ మొదలుపెట్టాను. టీచరమ్మ ఓపిగ్గా పక్కనే కూర్చుంది. చివరికి పేజీ తెరుచుకుంది. పైన చర్చి పేరు చక్కగా తెలుగులో వచ్చింది. దాని కింద పాటల పేర్లు ఉండాల్సిన చోట, వరస తరవాత వరస, అన్నీ ప్రశ్నార్థకాలే. ఒక్క అక్షరం లేదు.

టీచరమ్మ కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూసింది.

"ఏటమ్మా ఇది? ఇన్ని ప్రశ్నలు ఎవరడిగారు?"

"మా ఇంట్లో బానే ఉంది కదా టీచర్! మీరూ చూశారు కదా," అన్నాను. ఆ మాట ఎన్నిసార్లు అన్నానో.

"మీ ఇంటికొస్తేనే కనపడేట్టయితే దానికి నా నోటుబుక్కు చాలు కదే," అంది ఆవిడ. కోపంగా కాదు, మామూలుగానే అంది. నాకు మాత్రం మొహం కాలిపోయినట్టయింది.

నా మొదటి అనుమానం భయ్యా కంప్యూటర్ మీదే. "భయ్యా, మీ మెషిన్‌లో తెలుగు ఫాంట్ లేదేమో," అన్నాను. ఆయనకు చురుక్కుమంది.

"అరే బేటీ, మేరీ మెషిన్ మే సబ్ హై, అన్నీ ఉన్నాయి! రోజూ తెలుగువాళ్లు వచ్చి ఇక్కడే పేపర్ చదువుతారు," అని హిందీలోనే అంటూ ఆయనే ఒక తెలుగు వార్తల పేజీ తెరిచి చూపించాడు. శుభ్రంగా కనపడింది. తెలుగు లిపి లేని కంప్యూటరైతే అక్షరాల చోట ఖాళీ డబ్బాలు వస్తాయి. ప్రశ్నార్థకం వచ్చిందంటే అక్షరం అక్కడికి చేరకముందే పోయిందన్నమాట. ఈ తేడా నాకు తర్వాత తెలిసింది. ఆ రోజు సారీ చెప్పి తల దించుకున్నాను.

ఇంటికెళ్లి నా కంప్యూటర్లో తెరిస్తే నలభై రెండు పాటలూ ఎప్పటిలాగే ఉన్నాయి. అన్నీ సరిగ్గా ఉన్నదాంట్లో తప్పు వెతకడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. ఇంట్లో నెట్ లేదు, సెంటర్లో నా ప్రోగ్రామ్ నడవదు. కాబట్టి ఇక్కడ ఆలోచించి కాగితం మీద రాసుకోవడం, అక్కడికెళ్లి ప్రయత్నించడం, ఫలితం రాసుకుని మళ్లీ బస్సెక్కడం. నాలుగు రోజులు గరాచర్మకూ బజారుకూ మధ్య అలాగే తిరిగాను. కండక్టర్ "ఆజ్ ఫిర్? ఇవాళ మళ్లీనా?" అని నవ్వేవాడు.

దారి చూపించింది పేజీ పైనున్న చర్చి పేరే. బస్సులో కూర్చుని ఆలోచిస్తుంటే తట్టింది. ఆ పేరు మాత్రం ఎందుకు బాగా వచ్చింది? దాన్ని నేరుగా పేజీలోనే రాశాను. పాటలేమో డేటాబేస్‌లోంచి, అంటే వాటిని దాచిన పట్టికల్లోంచి వస్తాయి. అంటే పేజీలో తప్పు లేదు, డేటాబేస్‌లో ఉంది. మర్నాడు వెళ్లి సర్వర్ సెట్టింగులు ఒక్కొక్కటే చూశాను. అక్కడి డేటాబేస్‌కు ఇంగ్లీషు లాంటి భాషల అక్షరాలే తెలుసు. తెలుగు అక్షరం ఇస్తే దాన్ని ఏం చెయ్యాలో తెలియక, దాని బదులు ప్రశ్నార్థకం వేసి దాచుకుంది. నా ఇంట్లో అలా ఎందుకు జరగలేదంటే, మొదట్లో ఏదో పాఠం చూస్తూ ప్రపంచంలోని అన్ని లిపులూ పట్టేలా ఒక సెట్టింగ్ నేనే మార్చాను. మార్చిన సంగతి మర్చిపోయాను.

అక్కడి పట్టికలు తీసేసి, కొత్తగా కట్టి, పాటలన్నీ మళ్లీ ఎక్కించాను. పేజీ తెరిస్తే మళ్లీ ప్రశ్నార్థకాలే. ఏడుపొచ్చింది. భయ్యా చాయ్ తెప్పించి పెట్టాడు. అది తాగాక, సర్వర్ మీద పట్టికనే నేరుగా తెరిచి చూశాను. అందులో తెలుగు నిక్షేపంగా ఉంది! ఈసారి అక్షరాలు పోలేదు, పట్టిక నుంచి పేజీకి వచ్చే దారిలోనే చెడిపోతున్నాయి. పేజీ, డేటాబేస్ రెండూ ఒకే లిపి పద్ధతిలో మాట్లాడుకోవాలని ప్రోగ్రామ్‌లో ఒక్క లైను రాయాల్సి ఉంది. రాశాను. పేజీ మెల్లగా, పైనుంచి కిందికి, ఒక్కో పాట పేరూ తెలుగులో తెరుచుకుంటూ వచ్చింది.

"హో గయా!" అని నాకంటే ముందు భయ్యా అరిచాడు. ఆయనకు తెలుగు ఒక్క ముక్క రాదు.

మర్నాడు టీచరమ్మను తీసుకెళ్లాను. ఆవిడ ఊరికే సంతోషపడి ఊరుకునే మనిషి కాదు. సంచిలోంచి కాగితం తీసి, నలభై రెండు పాటలూ ఒక్కొక్కటే తెరిపించి, పరీక్ష పేపర్లు దిద్దినట్టు టిక్కులు, ఇంటూలు పెట్టుకుంటూ పోయింది. మాటలన్నీ వచ్చాయి. చేతిరాత మాత్రం కొన్నిటికి రాలేదు, ఫోటో చోట చిన్న ఎర్ర గుర్తు. ఇంటి దగ్గర అన్నీ కనపడ్డవే.

"మళ్లీ మొదలైంది," అని తల పట్టుకున్నాను.

"తర్వాత ఏడుద్దువుగాని, ముందు ఇది చూడు," అంటూ కాగితం నా ముందుకు జరిపింది. "ముందు సగం అన్నీ టిక్కులే. ఇంటూలన్నీ వెనక సగంలోనే ఉన్నాయి. అవన్నీ స్టూడియోలో తీయించినవే కదా. ఆ అబ్బాయి ఏదో తేడాగా ఇచ్చాడేమో చూడు."

చూశాను. తేడా ఉంది. స్కాన్ చేసిన బొమ్మల ఫైళ్ల పేర్ల చివర jpg అని ఇంగ్లీషు చిన్న అక్షరాలున్నాయి, స్టూడియో కెమెరా పెట్టిన పేర్ల చివర JPG అని పెద్ద బడి అక్షరాలున్నాయి. నా ప్రోగ్రామ్‌లో అన్నీ చిన్నవే రాశాను. ఇంట్లో నా కంప్యూటర్‌కు చిన్నదైనా పెద్దదైనా ఒకటే. సర్వర్‌కు అవి రెండు వేరు వేరు పేర్లు. పేర్లు మార్చడానికి పావుగంట కూడా పట్టలేదు. అదే నేను ఒంటరిగా వెతికుంటే ఇంకో నాలుగు రోజులు బస్సులో తిరిగేదాన్ని. కంప్యూటర్ అంటే ఏమిటో తెలియని మనిషి, ఏవి వస్తున్నాయి ఏవి రావట్లేదు అని రెండు వరసలుగా రాసి చూడడం నాకు నేర్పింది. తర్వాత ఉద్యోగంలో ఎన్నో సర్వర్ల ముందు కూర్చున్నాను. తప్పు దొరకనప్పుడల్లా మొదట చేసే పని ఇప్పటికీ అదే.

కోతల పండగ రోజు ఆరాధన తర్వాత పాస్టరు అయ్యగారు వెబ్‌సైట్ సంగతి చెప్పారు. ఆ మధ్యాహ్నమే టీచరమ్మ మా ఇంటి నుంచి భీమిలికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది. కోడలు పేజీ తెరిచి, పాటలు ఒక్కొక్కటే పెద్దావిడకు చూపిస్తోంది. మళ్లీ ప్రశ్నార్థకాలేమోనని నేను ఫోన్‌కు దగ్గరగా జరిగాను.

"ఒలే చెల్లీ," అని గొంతు వచ్చింది. "ఈ పాటలో తప్పుందే. 'ఒడ్డు చూపు దేవా' అని ఉంది. అది 'ఒడ్డు చేర్చు దేవా'."

టీచరమ్మ గ్లాసు కింద పెట్టింది. "లేదక్కా. ఆయన చేతిరాత పక్కనే ఉంది చూడు. చూపు అనే ఉంది."

"ఆ రాత తర్వాత రాసుకున్నదేమో. నాకు మరిది మొదట పాడి వినిపించినప్పుడు చేర్చు అనే పాడాడు."

"నీకెప్పుడు వినిపించాడు?"

"ఓడలో. నువ్వు వాంతులతో మూడు రోజులూ కింద పడుకునే ఉన్నావు కదా. మరిది పైన డెక్ మీద కడ్డీ పట్టుకుని ఒకటే తిరిగేవాడు. ఏటి బాబూ అనడిగితే, ఆమెని ఈ నీళ్ల మీదకి తెచ్చి తప్పు చేశానా వదినా అన్నాడు. ఆ సాయంత్రమే కట్టాడు ఆ పాట. నీకు చెప్పొద్దన్నాడు, భయపడతావని."

టీచరమ్మ పెళ్లయిన కొత్తలో భర్తతో దీవులకు వస్తూ, తోడుగా అక్కను తెచ్చుకున్న ప్రయాణం అది. ఆ అక్క రెండేళ్లుండి తిరిగి వెళ్లింది. టీచరమ్మకు ఓడ అంటే గుర్తున్నది బకెట్టు, నూనె వాసన, కదిలే పైకప్పు మాత్రమేనని ఎన్నోసార్లు చెప్పింది. ఆ పాటను యాభై ఏళ్లుగా పాడుతూనే ఉంది కానీ, అది తన గురించి కట్టిన పాట అని ఆమెకు తెలియదు.

"నాతో ఒక్కసారైనా అనలేదక్కా," అంది టీచరమ్మ.

"అనే మనిషా? ఒడ్డు చేరిపోయాం కదా, ఇంక చేర్చమని ఎందుకని మాట మార్చేసి ఉంటాడు."

ఇద్దరూ నవ్వారు. తర్వాత ఫోన్లోనే, ఇటొకరు అటొకరు, ఆ పాట మొదలుపెట్టారు. లింక్ ఆలస్యం వల్ల రెండు గొంతులూ కలవలేదు. ఒకరు చరణం ముగించేసరికి రెండోవారు ఇంకా మధ్యలో ఉండేవారు. ఎవరూ ఆగలేదు. ఆ మాట దగ్గరికి వచ్చినప్పుడు ఒకరు చూపు అన్నారు, ఒకరు చేర్చు అన్నారు.

ఆ సాయంత్రం టీచరమ్మ నన్ను పాట కింద ఒక చిన్న గమనిక రాయమంది. మొదట ఇలా ఉండేదని, ఎక్కడ రాశాడో, ఎందుకు రాశాడో. ఈసారి ఆవిడ చెప్పలేదు, నేనే సొంతంగా వాక్యం కట్టి తెలుగులో రాశాను. గ్లాసు చప్పుడు ఒక్కసారే వినపడింది. ఒత్తు ఒకటి తప్పింది, అంతే.

ఆ వెబ్‌సైట్ కొన్నేళ్లు నడిచి ఆగిపోయింది. పాటలు, ఆ గమనికతో సహా, తర్వాత అందరి ఫోన్లలోకీ వెళ్లాయి. టీచరమ్మ, వాళ్ల అక్క ఇద్దరూ ఇప్పుడు లేరు. మా చర్చిలో ఆ పాట ఎత్తుకున్నప్పుడు ఆడవాళ్ల వైపు 'చేర్చు' అని, మగవాళ్ల వైపు 'చూపు' అని పాడతారు. కొత్తగా వచ్చినవాళ్లు మొదటిసారి తడబడి పక్కకు చూస్తారు, రెండోసారికి తామున్న వైపు మాట పట్టుకుంటారు.