తొడుగు లేని గోలీ

సిరిసిల్లలో నేను పనిచేసిన మరమగ్గాల షెడ్డులో సాంచాలు నడుస్తుంటే పక్కనున్న మనిషితో కూడా అరిచి మాట్లాడాలి. అందుకే ఆ మగ్గాల యజమాని, మా ఆసామి, ఆ రోజు అన్న మాట అందరి చెవినా పడింది.

"ఏమయ్యా, నువ్వు సాంచాలు నడుపుతున్నవా, లెట్రీన్ నడుపుతున్నవా?"

నాలుగు సాంచాలు చూసుకునే మనిషి పూటకు ఎనిమిదిసార్లు పరుగెత్తితే పోగులు తెగుతాయి, ఒప్పుకుంటాను. కానీ నాకు రక్తం పడుతోందని ముందు రోజే ఆయనకు చెప్పి ఉన్నాను. ఎవరెవరు నవ్వారో, ఎవరు తల తిప్పుకుని నవ్వారో ఇప్పటికీ చెప్పగలను.

మొలలన్నారు. ఏడాదిపైగా మొలల మందే మింగాను. చివరికి జగిత్యాలలో కడుపు డాక్టరు కెమెరా గొట్టం వేసి చూసి, పెద్దపేగు లోపలి పొరంతా పుండు పడిందన్నాడు. నాకు కుర్చీ చూపించి మాట్లాడిన మొదటి డాక్టరు ఆయనే.

"పేగుల లెక్కలేనన్ని బ్యాక్టీరియా ఉంటయి. ఉండాలె. ఒంట్ల ఉన్న కావలి కణాలు వాటిని ఎప్పటికప్పుడు తడిమి చూస్తయి. వాటి ఒంటిమీది పదార్థాన్ని బట్టి ఏది ఏందో గుర్తుపడ్తయి. అనుమానం వచ్చినదానికి యాంటీబాడీ అతికిస్తయి."

మా దగ్గర గుడ్డ మడత పెట్టేటప్పుడు లోపం కనబడినచోట సుద్దముక్కతో గీత గీస్తారు. అట్లానా అని అడిగాను.

"గట్లనే. గీత అందరి పేగులల్ల పడ్తది. రోగం లేనోళ్లల్ల గీత గీసి ఊకుంటయి. మీ అసొంటి రోగంల కొన్ని రకాల మీద గీతలు మస్తు పడ్తయి, కావలి కణాలు ఊకోవు. యుద్ధం వాటి మీద, కాలేది మీ పేగు గోడ."

"నాకు ఏ బ్యాక్టీరియా మీద మొదలైంది సార్?"

"గది చెప్పే పరీక్ష మన దగ్గర లేదు."

"పోనీ, కొన్ని దినాలకు మర్సిపోవా?"

"మర్సిపోకుండ ఉండుడే వాటి పని."

అది న్యాయమే కదా అన్నాను. ఆయన నవ్వాడు. నేను నవ్వడానికి అనలేదు.

పొడుగాటి గొట్టం గోలీలు, క్యాప్సూళ్లు, రాశాడు. మంచిగున్నదని ఆపవద్దని రెండుసార్లు చెప్పాడు. ఆరు నెలలు నిజంగానే మంచిగున్నాను. షిఫ్టుకు ఒక్కసారి వెళ్లొచ్చేవాణ్ని. మళ్లీ ముదిరితే పేగు తీసేసి, మలం పోవడానికి పొట్టకు సంచి పెట్టాల్సి వస్తుందని డాక్టరు అన్న మాట మెల్లగా పక్కకు పోయింది.

కోరుట్లలో మా అక్క భర్త ఏటా ఆంజనేయస్వామి మాల వేస్తాడు. అక్కడ ఆయన గురుస్వామి. రోగం తగ్గినందుకు మొక్కు తీర్చుకోమని నాకూ మాల వేయించాడు. నలభై ఒక్క రోజులు దీక్ష చేసి కొండగట్టులో విరమించాలి. రెండో రోజే నా సంచిలో గోలీలు చూశాడు.

"స్వామీ, గిదేంది? గీ గొట్టం దేంతోటి జేస్తరో ఎరికేనా? పశువుల ఎముకలతోటి. మాల మీదుండి నీసు మింగుతవా?"

"డాక్టరు ఆపద్దన్నడు బావా."

"బావ గాదు, స్వామి. ఆ డాక్టరు పెద్దనా, మెడల ఉన్న దేవుడు పెద్దనా?"

పదిమంది స్వాములు వింటున్నారు. గోలీలు ఆపేశాను.

ఇరవయ్యో రోజు దాటాక రక్తం మొదలైంది. బావకు చెప్పాను. మధ్యలో మాల తీస్తే అరిష్టమన్నాడు. నేను మళ్లీ గోలీల సంగతి అడగలేదు. ఒకసారి కాదనిపించుకున్న చోట రెండోసారి అడగను. ఒంటిపూట భోజనంతో, చన్నీళ్ల స్నానాలతో నలభై ఒక్క రోజులు నిండించాను. కొండగట్టు మెట్లు ఇద్దరి భుజాల మీద చేతులేసి ఎక్కాను.

జగిత్యాలలో డాక్టరు అంతా విని టేబుల్ మీద చెయ్యి కొట్టాడు. "ఒక్క ఫోన్ జేస్తే అయిపోవు గదయ్యా! అదే మందు తొడుగు లేని గోలీ గూడ ఉన్నది. రాసిస్తుంటిని."

వారం రోజులు సూదులు వేశారు. మంట దిగలేదు. పేగు పలచబడింది, తీసేయాలన్నారు. బావ కొబ్బరిబొండాం తెచ్చి మంచం కాళ్ల దగ్గర నిలబడ్డాడు.

"నేనేమన్న డాక్టర్నా బామ్మర్దీ? నాకేం ఎరుక?"

"గా మాట గారోజు అనకపోతివి?"

ఆపరేషన్ కాగితం వచ్చినప్పుడు, కేసు షీటులో ఏముందో చదవమన్నాను. ఇంటర్ చదివిన నా భార్య చదివి చెప్పింది: పేషెంటు తనంతట తానే మందులు ఆపాడు. అది మార్చి, ఎవరు ఆపమన్నారో రాస్తే తప్ప సంతకం పెట్టనన్నాను. నర్సు రెండుసార్లు వచ్చి పోయింది. డాక్టరు వచ్చాడు.

"మింగని నోరు ఎవరిది? పేగు పగిలితే గీ కాయితం మార్చుమని అడగనీకె నువ్వుండవు."

నా భార్య పెన్ను నా చేతిలో కుక్కింది. "నీ కొట్లాట బతికినంక జేసుకో. పెట్టు."

మధ్యాహ్నం దాకా పెట్టలేదు. తర్వాత పెట్టాను. ఆ వాక్యం అట్లాగే ఉంది.

ఇప్పుడు పొట్టకు సంచి ఉంది. సాంచాల మధ్య ఇరుకు సందుల్లో తిరిగే పని ఇక నాతో కాదు. కుట్లు విప్పిన రోజు డాక్టరును అడిగాను, తీసిన పేగును పరీక్షకు పంపారు కదా, నా ఒంట్లో కావలి కణాలు మొట్టమొదట దేన్ని గుర్తుపట్టి ఇదంతా మొదలుపెట్టాయో అందులో తెలిసిందా అని.

"అందుల పుండు ఎంత లోతున్నదో తెలుస్తది. దేని మీద మొదలైందో తెల్వది."

"ముందు ముందు తెలుస్తదా?"

"ఎప్పుడన్న తెలిసినా మీకేం పనికొస్తది?" అన్నాడు, ఇంకో పేషెంటును పిలవమని చెయ్యి ఊపుతూ. "పేగే లేకపాయె."