పప్పు మెత్తగా ఉడికే నీళ్లు

మా ఊళ్లో ఏ నీళ్లు తాగాలో చెప్పేది మా అమ్మ. ఆమె దగ్గర పరికరాలేమీ లేవు, గుప్పెడు కందిపప్పు తప్ప. ఎక్కడ కొత్తగా బోరు పడ్డా ఓ చెంబుడు నీళ్లు తెచ్చి పప్పు పొయ్యి మీద పెట్టేది. గరిటెతో నొక్కితే మెదిగిందా, తాగొచ్చు. పలుకు మిగిలిందా, ఆ నీళ్లు బట్టలకు. మా వాడకట్టు మొత్తానికి అదే చట్టం.

ఆ పరీక్షలో ఎప్పుడూ గెలిచేది చర్చి వెనుక బోరింగే. కంగ్టి పోయే బాట పక్కనున్న మా ఊళ్లో మిగతా బోర్లన్నీ పప్పుతో పంతం పట్టేవి. క్రిస్మస్ భోజనాలకు పెద్ద గంజుల్లో పప్పు ఈ నీళ్లతోనే ఉడికేది. ఇంటింటికీ నల్లాలు వచ్చాక కూడా అమ్మ ఒప్పుకోలేదు. "మందు వాసనొస్తయి" అని వాటిని గిన్నెలు తోమడానికి పెట్టింది. పెళ్లయ్యాక నేను అదే వీధిలో రెండిళ్ల అవతల కాపురం పెట్టాను, అదే బోరింగు నీళ్లు తాగాను. పొద్దున్నే ఆ పిడి కిర్రుమంటేనే నాకు తెల్లారేది. ఆ చప్పుడు గుర్తొస్తే ఇప్పటికీ ప్రాణం లేచి వస్తుంది.

నా పళ్ల మీద ఇటుక రంగు గీతలుంటాయి. మా వాడకట్టులో నా ఈడు వాళ్లందరికీ ఉన్నాయి. "మీ వాడకట్టోళ్ల పళ్లే అంత" అనేవాళ్లు నారాయణఖేడ్ బడిలో పిల్లలు. నవ్వొస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం అక్కడే నేర్చుకున్నాను.

కొన్నేళ్ల కింద మా ఊరి నుంచి ఐదుగురు ఆడవాళ్లను నారాయణఖేడ్ పిలిచి నీళ్ల పరీక్ష నేర్పారు. దాచడమెందుకు, నేను పోయింది మధ్యాహ్నం భోజనం కోసం. తాగే నీళ్లలో ఏది ఎంత ఉండొచ్చో ఢిల్లీలో రాసిపెట్టారట. ఫ్లోరైడు లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ఆ బోరింగుకు ఎర్ర రంగు వేసి, తాగొద్దని రాయాలట. ఢిల్లీలో రాసిందంతా మా ఊరికొచ్చేసరికి ఒక ప్లాస్టిక్ డబ్బా, నాలుగు సీసాలు అయింది. ఆ డబ్బా నా చేతికిచ్చారు.

మొదట చర్చి బోరింగు దగ్గరికే పోయాను, గర్వంగా. మందు చుక్కలు వేస్తే మంచి నీళ్లు గులాబీ రంగులో నిలవాలి, ఫ్లోరైడు ఎక్కువుంటే పసుపుకు తిరుగుతాయి. అచ్చం పసుపు నీళ్లయ్యాయి. మందు చెడిపోయిందనుకుని నల్లా నీళ్లలో వేశాను. గులాబీ. మళ్లీ బోరింగు నీళ్లలో వేశాను. పసుపే. పెద్ద ల్యాబుకు పంపితే అక్కడా అదే తేలింది. అక్కడి మేడమ్ నిదానంగా చెప్పింది: "ఇసుంటి నీళ్లల్ల సున్నం తక్కువ, సోడా గుణం ఎక్కువ. అందుకే పప్పు జల్ది ఉడుకుతది. ఫ్లోరైడు గూడ ఎక్కువ గిసుంటి నీళ్లల్లనే ఉంటది."

అంటే అమ్మ ఇన్నేళ్లూ ఏరి ఏరి పట్టింది దాన్నే. నాకు ఒళ్లు మండింది, ఎవరి మీదో తెలియదు. బోరింగుకు రంగు వెయ్యడం ఎంతసేపు? అమ్మకు చెప్పడమే నా వల్ల కాలేదు. ఊళ్లో ఆమెకున్న పేరంతా ఆ పప్పుదే. నాలుగు రోజులు దాచి, ఐదో రోజు చెప్పాను. చాటలో పప్పు ఏరుతున్న చెయ్యి ఆగింది.

"పప్పు మంచిగ ఉడికింది గదనే."

"ఉడికింది. అందుకే మోసపోయినం."

ఆమె నా నోటి వైపు చూసింది. "గీ గీతలు గా నీళ్లయేనా?"

అలవాటుగా నా చెయ్యి నోటికి అడ్డం పోయింది. ఇంక నేను చెప్పాల్సిన పని లేకపోయింది.

గ్రామసభలో ఆడవాళ్లంతా ఎదురు తిరిగారు. నల్లా నీళ్లల్ల పప్పు ఉడకదు, ఆ బోరింగుకు రంగు వెయ్యనియ్యం అన్నారు. వచ్చిన అధికారి కాగితం చదువుతుంటే వినే దిక్కు లేదు. అమ్మ లేచింది.

"గీ నీళ్లు తాగుమన్నది నేనే. తప్పయింది. రేపటి సంది ఒక్క బిందె గూడ పట్టొద్దు."

తీర్మానం రాసుకున్నారు. మర్నాడు ఎర్ర రంగు డబ్బా నేను పట్టుకున్నాను, బ్రష్షు అమ్మ పట్టుకుంది. పిడి చివరిదాకా వేసింది.

ఆ మధ్యాహ్నం నానబెట్టిన పప్పును నల్లా నీళ్లలో ఉడికించింది. పప్పుగుత్తితో ఎంత ఎనిపినా అది మెదగలేదు. ఇంటికొచ్చిన వాళ్లకు ఎన్నడూ పలుకు పప్పు పెట్టని మనిషి నా కంచంలో వడ్డించి, నా మొఖం చూస్తూ కూర్చుంది. ఆ పప్పు మీద ఆమె కోపం చూసి నాకు నవ్వాగలేదు. చెయ్యి నోటి మీదికి పోయింది. అమ్మ పప్పు అంటిన చేత్తోనే దాన్ని కిందికి లాగింది.

"తియ్యి. గవి నేను చేసిన గీతలు. నేను చూడాలె."

ఇప్పుడు అమ్మ లేదు. నేను ఊళ్లో నీళ్లు పరీక్షిస్తూనే ఉన్నాను, ఆ బోరింగు పప్పు రుచి నాకింకా గుర్తుకొస్తూనే ఉంది. నవ్వొస్తే మాత్రం చెయ్యి కిందనే ఉంచుతున్నాను.