లెక్కలోకి రాని పిల్ల

మీ ఇంట్లో పిల్లలు ఎంతమంది అని ఎవరడిగినా అమ్మ నలుగురని చెప్పేది. ఆ నలుగురిలో నేను లేను.

గల్ఫ్‌లో, అల్ ఖువైర్ అనే పేటలో ఒక పాత బిల్డింగులో మూడో అంతస్తు మాది. రెండు గదులు, ఒక చిన్న హాలు. అమ్మ ఒకప్పుడు నర్సు. నేను పుట్టాక నన్ను చూసుకోవడానికని ఉద్యోగం మానేసింది. నాన్నకు సోహార్‌లో ప్లాంటులో పని. గురువారం సాయంత్రం కంపెనీ బస్సులో వచ్చి శనివారం వెళ్ళిపోయేవారు. ఎలాగూ ఇంట్లోనే ఉంటోంది కదా అని అమ్మతో పనిచేసిన నర్సు ఒకామె తన పాపను రెండు రోజులు చూడమంది. ఆ రెండు రోజులు ఏళ్ళ తరబడి సాగాయి. మా చర్చిలో సగం మంది నర్సులే, అందరిదీ కోస్తా వైపే. ఒకరిని చూసి ఒకరు తమ పిల్లల్ని తెచ్చారు. ఇంటి ఖర్చులకు ఆ డబ్బు ఆసరాగా ఉండేది కాబట్టి నాన్న కూడా కాదనలేదు. నన్ను చూసుకోవడానికి ఉద్యోగం మానేసిన మనిషి చివరికి నన్ను తప్ప అందరినీ చూసుకునేది. ఇప్పుడైతే నవ్వుతూ రాస్తున్నాను గానీ, ఏడేళ్ళ వయసులో నాకు నవ్వు రాలేదు.

నలుగురన్న మాట కూడా పూర్తిగా నిజం కాదు. పొద్దున నలుగురే, సాయంత్రమూ నలుగురే. మధ్యలో ఆసుపత్రిలో డ్యూటీ మారే వేళ ఒకటుంది. మధ్యాహ్నం డ్యూటీకి వెళ్ళేవాళ్ళు తమ పిల్లల్ని మా ఇంట్లో దింపి పరుగెత్తేవాళ్ళు. పొద్దుటి డ్యూటీవాళ్ళు ఇంకా వార్డు అప్పజెప్పి రావాలి. వాళ్ళు వచ్చేదాకా ఇంట్లో ఏడుగురు, ఒక్కోసారి ఎనిమిది మంది. ఇల్లు పీకి పందిరి వేసేవాళ్ళు. అమ్మ చాపిన కాళ్ళ మీద ఒకణ్ణి పడుకోబెట్టి ఊపుతూ, భుజాన ఇంకొకరిని జోకొడుతూ, మూడోవాడికి నోటితో కథ చెబుతూ ఉండేది. ఇంతమందేంటక్కా అని ఎవరైనా అంటే, "వచ్చేవోళ్ళనీ పోయేవోళ్ళనీ కలిపి లెక్కెడతారేంటి? పొద్దుటి నలుగురు పొద్దుటికే, సాయంత్రం నలుగురు సాయంత్రానికే," అనేది.

సరిగ్గా ఆ వేళకే నా స్కూలు బస్సు వచ్చేది. నా అన్నం ప్లేటు మీద మూత పెట్టి ఉండేది. నా మంచం మీద ఎవరో ఒకరు నిద్రపోతూ ఉండేవాళ్ళు. నా రంగు పెన్సిళ్ళు ఎవరి నోట్లో ఉన్నాయో వెతుక్కోవాలి. అమ్మా అని పిలిస్తే, "నువ్వు పెద్దదానివి కదమ్మా, కాసేపాగు," అనేది. పిల్లల్ని తీసుకెళ్ళడానికి వచ్చిన ఆంటీలు నా బుగ్గ గిల్లి, "మీ పాప బంగారమక్కా, ఇంట్లో ఉందో లేదో కూడా తెలీదు," అని మెచ్చుకునేవాళ్ళు. నాకు కడుపు మండేది. ఉన్నట్టు తెలియాలంటే ఏం చేయాలో మాత్రం తోచేది కాదు. ఒకసారి కావాలనే గ్లాసు పగలగొట్టాను. అమ్మ చంటివాడి కాళ్ళకు గాజుపెంకులు గుచ్చుకుంటాయని వాడిని ఎత్తుకుంది.

అమ్మ చెల్లెలు, అంటే మా పిన్ని, ఇంగ్లండులో ఉంటుంది. అక్కడ తనూ ఇదే పని చేస్తుంది, కాకపోతే ప్రభుత్వం దగ్గర రిజిస్టరు చేయించుకుని. మా ఇంటికి ఏ అధికారీ వచ్చి ఇంతమందే అని చెప్పలేదు. చర్చిలో పరిచయమే మాకు రిజిస్ట్రేషను. ఒకరోజు పిన్ని ఫోనులో తన నిబంధనలు చెబుతుంటే అమ్మ స్పీకరు పెట్టి వింటూ పాలసీసాలు కడుగుతోంది.

"ఎనిమిదేళ్ళ లోపు పిల్లలు ఆరుగురికి మించకూడదక్కా. అందులో ఐదేళ్ళ లోపోళ్ళు ముగ్గురే, ఏడాది నిండనోళ్ళు ఒక్కరే. మన సొంత పిల్లల్ని కూడా కలిపే లెక్కేత్తారు. మా చిన్నదాని మూలంగా నాకో చోటు తగ్గిపోయింది."

"కన్నబిడ్డని లెక్కెయ్యడమేంటే? అది ఎలాగూ ఇంట్లో పెరిగేదే కదా," అని అమ్మ నవ్వింది.

నేను అన్నం తింటూ విన్నాను. ఆ ఇంగ్లండు నిబంధన నాకు చాలా నచ్చింది. ఏడేళ్ళ పిల్లకు ఒక చోటు ఉంటుందనీ, ఆ చోట్లో ఇంకెవరినీ కూర్చోబెట్టకూడదనీ ఒక దేశం చట్టం చేసిందంటే నమ్మలేకపోయాను.

తర్వాత కొన్నాళ్ళకు, ఎండలు ముదిరిన రోజుల్లో, ఒక మధ్యాహ్నం బిల్డింగు కింద కరెంటు పెట్టెలోంచి పొగ వచ్చింది. నేను స్కూలు నుంచి వచ్చి స్నానం చేస్తున్నాను. నీళ్ళ చప్పుడుకూ ఎగ్జాస్టు ఫ్యాను రొదకూ బయటి గోల ఏమీ వినబడలేదు. తల తుడుచుకుంటూ వచ్చేసరికి హాలు ఖాళీ. తలుపు బార్లా తెరిచి ఉంది. పరుపు మీద సగం తాగిన పాలసీసా ఉంది. మెట్ల దగ్గర ప్లాస్టిక్కు కాలిన వాసన, పల్చటి పొగ. మా ఇంట్లో అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. పొగకంటే ఆ నిశ్శబ్దానికే నాకు ఎక్కువ భయం వేసింది. టవలు ముక్కుకు అడ్డం పెట్టుకుని గోడ పట్టుకుని దిగాను.

కింద పార్కింగులో జనం ఉన్నారు. ఎండకు నేల కాలిపోతోందని నాతూర్, అంటే మా బిల్డింగు వాచ్‌మన్, అట్టలు పరిచి పిల్లల్ని వాటి మీద నిలబెట్టాడు. అమ్మ చంకలో ఒకరు, భుజాన ఒకరు, చున్నీ పట్టుకుని మిగతావాళ్ళు. అమ్మ ఒక్కొక్కరి తల తాకుతూ లెక్కపెడుతోంది.

"ఐదు, ఆరు, ఏడు. అందరూ ఉన్నారు. దేవా, నీకు స్తోత్రం," అని పెద్దగా ఊపిరి వదిలింది.

అప్పుడు తల తిప్పి నన్ను చూసింది.

"ఎక్కడ్నించి వత్తన్నావే నువ్వు?" అంది.

"పైనుంచి," అన్నాను.

కాసేపు అమ్మకు నా మాట అర్థం కాలేదు. తర్వాత ఆమె మొహంలో రంగు పోయింది. భుజాన ఉన్న బిడ్డను నాతూర్ చేతిలో పెట్టి, నా తడి జుట్టులో వేళ్ళు పెట్టి అలాగే నిలబడింది. మంట పెద్దది కాలేదు. కాసేపటికి అందరం మళ్ళీ పైకి వెళ్ళాం. ఎవరి పిల్లల్ని వాళ్ళు తీసుకెళ్ళారు. ఏడుగురూ క్షేమమని ఆంటీలందరూ అమ్మను మెచ్చుకున్నారు.

ఆ వారమే అమ్మ ఒక్కొక్కరికీ ఫోను చేసి చెప్పింది. ఇక డ్యూటీ మారే వేళైనా సరే, ఇంట్లో నలుగురికి మించి ఉండరు. కొందరు వేరే చోటు చూసుకున్నారు. కొందరు డ్యూటీలు మార్పించుకున్నారు. అది అందరికీ కుదిరే పని కాదు. ఒకామె మెటర్నిటీ సెలవులో ఉంది. చంటివాడిని చూస్తానని అమ్మ ఆమెకు ముందే మాటిచ్చింది. సెలవు అయిపోవస్తోందని ఆమె బాబును ఎత్తుకుని వచ్చింది. నేను లోపలి గదిలో హోంవర్కు చేసుకుంటున్నాను.

"ఏమనుకోకమ్మా, చోటు లేదు. నాకు నలుగురున్నారు," అంది అమ్మ.

ఆమె పరుపు వైపు చూసి ఉంటుంది. "ముగ్గురే కదక్కా."

"నాలుగోది లోపల రాసుకుంటంది."

"అది పెద్దపిల్ల కదక్కా, తన పని తనే చేసుకుంటది. దాన్ని కూడా లెక్కేత్తే ఎలా? డ్యూటీలో చేరకపోతే ఉద్యోగం పోద్ది. అక్కా, వీడు అసలు ఏడవడు, ఓ మూలన పడుకుంటాడు."

నేను పెన్సిలు ఆపేశాను. ఇప్పుడు అమ్మ సరేనంటుంది, నేను మళ్ళీ పెద్దదాన్నయిపోతాను అనుకున్నాను.

"నా లెక్క దాంతోనే మొదలమ్మా," అంది అమ్మ.

నాకు ఒళ్ళు ఝల్లుమంది. ఆ సంతోషం గురించి అబద్ధం చెప్పను. గుమ్మం దగ్గర ఒకామె కళ్ళు తుడుచుకుంటోందని తెలిసి కూడా నేను మంచం మీద పొర్లి పొర్లి నవ్వుకున్నాను. రాత్రి అన్నం అమ్మే కలిపి పెట్టింది. నా మంచం మీద నేనే పడుకున్నాను.

పిల్లల్ని చూసుకునేవాళ్ళకు ఇంతమందే అని హద్దు పెట్టడం ఆఫీసువాళ్ళ చాదస్తమని చాలామంది అంటారు. ఇప్పుడు ఇదే ఊళ్ళో, ఖురం పేటలో నేను పనిచేసే చోట కూడా విన్నాను. నేను ఒప్పుకోను. కానీ అలా హద్దు పెట్టినప్పుడల్లా ఎవరో ఒకరు గుమ్మం బయట ఉండిపోతారన్నదీ నిజమే. ఈ రెండో సంగతి నాకు తెలియడానికి కొన్ని వారాలు పట్టింది.

అక్కడ సెలవూ ఆరాధనా శుక్రవారమే. ఒక శుక్రవారం చర్చిలో ఆ చంటివాడి అమ్మ మా ముందు వరుసలో నిలబడింది. పాట మొదలైంది. ఆమె చేతిలో పాటల పుస్తకం ఉంది, చంకలో ఎవరూ లేరు. అయినా ఒక కాలి మీది నుంచి ఇంకో కాలి మీదికి మెల్లగా ఊగుతోంది. ఆ ఊపు నేను మా ఇంట్లో రోజూ చూసేదే. బిడ్డను నిద్రపుచ్చేవాళ్ళు అలా ఊగుతారు.

"బాబేడమ్మా?" అని అడిగాను.

"ఊరు పంపేశారు. వాళ్ళ నాయనమ్మ దగ్గరికి."

"ఎందుకు?"

అమ్మ పాట పాడుతూనే ఉంది. చెప్పకపోయినా నాకు తెలిసిపోయింది. నాలుగులోంచి ఒకటి తీసేయడం అప్పటికే స్కూల్లో నేర్పారు. అమ్మ కొంగు పట్టి లాగాను. వంగింది.

"నేను పెద్దదాన్నే అమ్మా. నన్ను లెక్కెయ్యకపోయినా పర్లేదు. బాబును తెచ్చేసుకోమను," అని చెవిలో చెప్పాను.

అమ్మ పాడటం ఆపేసింది. నన్ను తన ముందుకు లాక్కుని, రెండు చేతులూ నా చుట్టూ వేసి గట్టిగా పట్టుకుంది. పాట అయిపోయింది. అందరూ కూర్చున్నారు. మేమిద్దరం మాత్రం నిలబడే ఉన్నాం.